ప్రింటర్ కొంటావా? ముందు ఒక మాట విను

ఏమ్మా చెల్లీ, బడులు తెరిచి నెల తిరక్కుండానే మీ ఇంట్లో ప్రింటర్ గోల మొదలైందన్నమాట! "అక్కా, రాత్రి తొమ్మిదింటికి క్లాసు గ్రూపులో వర్క్‌షీటు పడేస్తారు. పొద్దున్న ఏడున్నరకి బస్సు. జిరాక్స్ షాపువాడు షట్టరు ఎత్తేది పదింటికి. నన్నేం చెయ్యమంటావు?" అని ఫోనులో నువ్వు వాపోతుంటే నవ్వొచ్చింది, జాలీ వేసింది. మీ బావగారికి చెబితే, "మా రోజుల్లో బోర్డు చూసి నోటుబుక్కులో ఎక్కించుకునేవాళ్లం" అని మొదలుపెట్టారు. ఆయన రోజుల సంగతి మీ పిల్లల టీచరమ్మకి ఎవరు చెబుతారు?

సరే, అసలు విషయానికొద్దాం. మరిదిగారు లేజరే కొనాలంటున్నారు. పిల్లదానికి రంగుల ప్రింటరే కావాలి. షాపులో కుర్రాడేమో ఇంక్ ట్యాంకు తప్ప వేరే మాట ఎత్తడం లేదు. ముగ్గురిలో ఎవరి మాట వినాలని కదా నీ బాధ. ముగ్గురూ అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే ముగ్గురూ ప్రింటర్ పనిచేసే రోజుల గురించే మాట్లాడుతున్నారు. మనలాంటి ఇళ్లలో అది పనిచేసే రోజులెన్నని? వారంలో ఒకరోజు, ఒక్కోసారి నెలలో ఒకరోజు. మిగతా రోజులన్నీ దాని మీద గుడ్డ కప్పి, గుడ్డ మీద ఇస్త్రీకి వేసే బట్టలు పెట్టుకుంటాం. అందుకే నెలకెన్ని పేజీలు వేస్తావని నేనడగను. ఎన్నాళ్లు ముట్టుకోకుండా వదిలేస్తావని అడుగుతాను. దసరా సెలవులకి అత్తగారి ఊరు వెళతారు. సంక్రాంతికి మనింటికి వస్తారు. ఏప్రిల్ చివర్లో పరీక్షలయ్యాక తాళం వేస్తే మళ్లీ జూన్‌లోనే కదా మీ ఇల్లు తెరుచుకునేది! ఆ నెలన్నరలో ఆ పెట్టెలో ఏం జరుగుతుందో తెలిస్తే సగం బేరం తెగినట్టే.

ఇంక్‌జెట్‌లో ఉండేది ద్రవం. ఎక్కువ భాగం నీళ్లే, అందులో రంగు, ఇంకొన్ని రసాయనాలు. ఆ సిరాని కాగితం మీదకి చిమ్మే భాగాన్ని హెడ్ అంటారు. దానికి వెంట్రుక కన్నా సన్నని రంధ్రాలు వందల్లో ఉంటాయి. గోరింటాకు కోన్ వాడి పక్కన పడేస్తే మర్నాటికి మూతి దగ్గర ఎండిపోయి, ఎంత నొక్కినా రాదు చూడు, అదే తంతు ఇక్కడా. కోన్‌కైతే గుండుసూది గుచ్చి తెరుస్తాం. ఈ రంధ్రాల్లో దూరే సూది మన ఇళ్లలో లేదు.

కంపెనీ వాళ్లకీ ఆ సంగతి తెలుసు. ప్రింటర్‌ని దాని మీదున్న బటన్‌తో ఆపితే, హెడ్ ఓ మూలకి వెళ్లి కూర్చుని, కింద ఉన్న రబ్బరు మూతకి అతుక్కుంటుంది. అందుకే ఇంక్‌జెట్‌ని ముందు దాని బటన్‌తో ఆపి, ఆ చప్పుళ్లన్నీ ఆగాక గోడ స్విచ్చి కట్టెయ్యాలి. మనవాళ్లు చేసేదేమిటి? పిల్లల్ని తయారుచేసే హడావిడిలో ఠక్కున గోడ స్విచ్చే నొక్కేస్తారు. హెడ్ దారి మధ్యలో నోరు తెరుచుకుని ఉండిపోతుంది. ఇక మీ విజయవాడ ఎండలూ, పైన తిరిగే ఫ్యానూ చూసుకుంటాయి దాని సంగతి.

మా ఆడపడుచు వాళ్లింట్లో ఏమైందో చెబుతాను. రంగుల ఇంక్‌జెట్, మంచిదే. వేసవంతా మూల పడి ఉంది. జూన్‌లో పిల్లాడి ప్రాజెక్టుకి సౌర కుటుంబం బొమ్మ వేస్తే అంగారకుడు ఆకుపచ్చగా వచ్చాడు! ఎర్ర సిరా రంధ్రాలు మూసుకుపోతే నీలం, పసుపు కలిసి అలా తేలాయన్నమాట. అప్పుడు పరీక్ష కాగితం వేయించాను. నాజిల్ చెక్ అని ప్రింటర్ సెట్టింగుల్లో ఉంటుంది. నలుపు, నీలం, పసుపు రంగుల్లో సన్నని గీతలు మెట్లు మెట్లుగా వచ్చాయి, మధ్య మధ్య కాస్త తెగి ఉన్నాయి. ఎరుపు ఉండాల్సిన చోట మాత్రం తెల్ల కాగితమే. తర్వాత హెడ్ క్లీనింగ్ నొక్కాం. గరగరమని ఓ నిమిషం సేపు ఏదో చేసుకుంది. మళ్లీ చెక్, మళ్లీ క్లీనింగ్. ఎరుపు పొడలు పొడలుగా కనిపించడం మొదలైంది కానీ ట్యాంకుల్లో సిరా మట్టం ఎంత దిగిపోయిందో చూసి ఆవిడ లబోదిబోమంది. క్లీనింగ్ అంటే ఊరికే తుడుచుకోవడం కాదు, సిరాని గట్టిగా లాగి రంధ్రాలు కడుక్కోవడం. అలా కడిగిన సిరా అడుగున ఉన్న స్పాంజి మెత్తలోకి పోతుంది. అదీ ఓ రోజు నిండుతుంది. అప్పుడు ప్రింటర్ మొరాయించి సర్వీసుకి తీసుకెళ్లమంటుంది. ఈ మధ్య కొన్ని మోడళ్లలో ఆ మెత్తని మనమే మార్చుకునేలా విడి డబ్బాగా పెడుతున్నారు. కొనేటప్పుడు అది తప్పకుండా అడుగు. షాపు కుర్రాడు తనంతట తాను చెప్పడు.

ఇంక్‌జెట్‌లోనే రెండు రకాలున్నాయని గుర్తుపెట్టుకో. చిన్న కార్ట్రిడ్జ్‌లు పెట్టేవి ఒకటి, సీసాతో సిరా పోసే ట్యాంకువి ఇంకొకటి. కార్ట్రిడ్జ్ రకం నాలుగైదు వేలకే వచ్చేస్తుంది. చూడగానే ముచ్చటేస్తుంది, అక్కడే బుట్టలో పడతాం. ప్రింటర్ చవగ్గా ఇచ్చి సిరా మీద రాబట్టుకోవడం వాళ్ల పద్ధతి. కొన్ని చిన్న నల్ల కార్ట్రిడ్జ్‌లు వంద, నూట ఇరవై పేజీలకే చేతులెత్తేస్తాయి. చాలా మోడళ్లలో ఇంకో తిక్క ఉంది. రంగు సిరా అయిపోతే నల్ల అక్షరాలు కూడా వెయ్యనంటాయి! అయితే ఈ రకంలో ఒక సుఖం లేకపోలేదు. చాలావాటిల్లో హెడ్ కార్ట్రిడ్జ్‌కే అతికి ఉంటుంది. ఎండిపోయిందనుకో, కార్ట్రిడ్జ్ మారిస్తే కొత్త హెడ్ కూడా వచ్చినట్టే. ట్యాంకు రకంలో చాలా వరకు హెడ్ మిషన్‌లోనే స్థిరంగా ఉంటుంది. అది పోతే మార్చే ఖర్చుకి కొత్త ప్రింటరే నయమనిపిస్తుంది.

సిరా ఖర్చు మాత్రం ట్యాంకులో చాలా తక్కువ. ఎప్సన్ వాళ్ల 003 నల్ల సిరా సీసా ఒకటి 4,500 పేజీలకి వస్తుందని కంపెనీయే చెబుతుంది. అంత చిన్న సీసాకి అన్ని పేజీలా అని ఆశ్చర్యపోకు. ఈ లెక్కలు మామూలుగా కాగితంలో నూటికి సుమారు ఐదు వంతులే సిరా పడుతుందన్న కొలత మీద వేస్తారు. ఒక చిన్న ఉత్తరం రాసినట్టన్నమాట. కాగితం నిండా సీతాకోకచిలుక బొమ్మ వేస్తే ఆ లెక్క చెల్లదు. పైగా కొత్తది బిగించినప్పుడు గొట్టాలన్నీ నిండడానికి మొదటి సీసాల్లోంచి కొంత సిరా పోతుంది.

లేజర్ సంగతి వేరు. అందులో ద్రవమే లేదు, ఎండిపోయే సమస్యా లేదు. టోనర్ అంటే మెత్తని ప్లాస్టిక్ పొడి, రంగు కలిపింది. లోపల ఒక డ్రమ్ము తిరుగుతుంటుంది. దాని మీద కరెంటు ఆవేశం ఎక్కించి, లేజర్ వెలుగుతో అక్షరాలు గీస్తారు. గీసిన చోటే పొడి అంటుకుంటుంది, అక్కణ్ణుంచి కాగితం మీదకి దిగుతుంది. చివర్లో దాదాపు 200 డిగ్రీల వేడి ఉండే రోలరు కిందకి వెళ్లేసరికి ఆ ప్లాస్టిక్ కరిగి కాగితానికి పట్టేస్తుంది. అందుకే కాగితం బయటికి రాగానే వెచ్చగా ఉంటుంది. నీళ్లు పడినా అక్షరం చెదరదు. ట్యాంకు ప్రింటర్‌లో వేసిన హాల్‌టికెట్ వానలో తడిస్తే ఫొటో, సంతకం ఏకమైపోయే ప్రమాదముంది. కొన్ని కంపెనీలు నల్ల సిరా మటుకు తడికి తట్టుకునే పిగ్మెంట్ రకం ఇస్తున్నాయి కానీ రంగులకి ఆ భరోసా తక్కువ.

ఇదంతా మన జిరాక్స్ మిషన్ విద్యే. చెస్టర్ కార్ల్‌సన్ అనే ఆయన 1938 అక్టోబర్ 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో మొదటిసారి పొడితో నకలు తీశాడు. ఆ పద్ధతికే లేజర్ వెలుగు జోడించవచ్చన్న ఆలోచన జిరాక్స్ కంపెనీలో పనిచేసే గ్యారీ స్టార్క్‌వెదర్‌ది. సిరా చిమ్మే ప్రింటర్ కథ ఇంకా సరదాగా ఉంటుంది. 1977లో కానన్ ప్రయోగశాలలో సిరా ఉన్న సిరంజి సూదికి వేడి సోల్డరింగ్ కడ్డీ పొరపాటున తగిలి, సిరా చివ్వున ఎగిరిందట. వేడికి బుడగ పుట్టి చుక్కని నెడుతుందని అప్పుడు తట్టింది వాళ్లకి. తమాషా ఏమిటంటే హెచ్‌పీ కంపెనీ తన మొదటి బల్ల మీది లేజర్‌ని, మొదటి ఇంక్‌జెట్‌ని ఒకే ఏడాది, 1984లో బజారులో పెట్టింది. అప్పట్లో ఆ లేజర్ ధర 3,495 డాలర్లు. ఇవాళ పన్నెండు, పదమూడు వేల రూపాయలు పట్టుకెళితే నలుపు లేజర్ చేతికొస్తోంది.

అయితే లేజర్‌తో మన ఇళ్లలో ఒక చిక్కుంది, దాని గురించి ఎవరూ చెప్పరు. ఆ రోలరు వేడెక్కడానికి కరెంటు ఒక్కసారిగా లాగుతుంది. ప్రింటు కొట్టిన క్షణంలో గదిలో ట్యూబ్‌లైటు రెప్ప కొడితే కంగారు పడకు, అది లేజర్ చలవే. ఇంక్‌జెట్‌కి పది, ఇరవై వాట్లు చాలు. లేజర్ ఆ కాసేపూ కొన్ని వందల వాట్లు అడుగుతుంది, వెయ్యి దాకా పోయేవీ ఉన్నాయి. అందుకే లేజర్‌ని యూపీఎస్‌కి తగిలించవద్దని తయారీదార్లే రాస్తారు. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఫ్యాన్లకీ లైట్లకీ సరిపోయేది. కరెంటు పోయినప్పుడు దాని మీద లేజర్ వేస్తే ఇన్వర్టర్ కీచుమని అరిచి ఆగిపోతుంది. మీ పేటలో రాత్రిపూట కోతలెక్కువని నువ్వే అన్నావు. వర్క్‌షీట్లు వచ్చేదీ రాత్రిపూటే. అది కాస్త ఆలోచించుకో.

ఇంకొకటి. లేజర్ డబ్బాతో వచ్చే మొదటి టోనర్ నిండుగా ఉండకపోవచ్చు. చాలా కంపెనీలు సగమో అంతకన్నా తక్కువో నింపి ఇస్తాయి. విడిగా కొనేదే పూర్తి పేజీలకి వస్తుంది. ఏళ్లుగా మన ఆఫీసుల్లో కనబడే హెచ్‌పీ 12ఏ టోనర్‌ని చూడు, 2,000 పేజీలు వస్తుంది. నెలకి పాతిక పేజీలు వేసే ఇంటికి అది ఆరేళ్లు దాటుతుంది. కంపెనీ టోనర్ వేలల్లో ఉంటుంది, రీఫిల్ వందల్లో అయిపోతుంది. హైదరాబాద్ వైపు వాళ్లకి సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీ అనే కంప్యూటర్ల బజారు ఎలాగూ ఉంది, ప్రింటర్ల రిపేరు, రీఫిల్ వాళ్లు వరసగా దొరుకుతారు. మీ ఊళ్లో రీఫిల్ చేసేవాడున్నాడా, వాడు నింపగలిగే మోడల్ ఏది అని కొనకముందే కనుక్కో. కొత్త మోడళ్లలో టోనర్‌కి చిప్ పెట్టి, బయటివాళ్లు నింపితే ఒప్పుకోకుండా చేసేవి వస్తున్నాయి.

పిల్లదాని రంగుల సంగతా? రంగుల లేజర్ జోలికి పోకు. నాలుగు టోనర్లు, నాలుగింటి ఖరీదు. మన వాడకానికి అది పెద్దింటి వ్యవహారం. ఫొటోలు ఇంట్లోనే వేద్దామని కూడా అంటోందేమో. ఫొటో బాగా వచ్చేది ఇంక్‌జెట్‌లోనే, అదీ ఫొటో కాగితం మీద. ఆ మెరిసే ఇంక్‌జెట్ కాగితాన్ని పొరపాటున కూడా లేజర్‌లో పెట్టనివ్వకు. దాని పైపూత వేడికి కరిగి రోలరుకి చుట్టుకుంటే బాగుచేసేవాడి బిల్లు చూసి గుండె ఆగుతుంది. పాస్‌పోర్టు సైజు ఫొటోలకి స్టూడియో ఉంది, హాయిగా తల దువ్వుకుని వెళ్లండి.

డబ్బు లెక్క నిజాయితీగా చూద్దామా? నెలకి పది పేజీలనుకో, ఏడాదికి 120, ఐదేళ్లకి 600. పదమూడు వేల ప్రింటర్‌ని ఆ ఆరువందలకి పంచు. పేజీకి ఇరవై ఒక్క రూపాయల పైచిలుకు పడుతుంది, కాగితం కాకుండానే. షాపులో ఐదో పదో తీసుకుంటాడు. కాబట్టి డబ్బు మిగులుతుందన్న మాట మరిదిగారితో అనకు, ఆయన లెక్కల మాస్టారు. అదే నెలకి అరవై పేజీలైతే ఐదేళ్లకి 3,600. అప్పుడు మిషన్ ఖరీదు పేజీకి మూడున్నర రూపాయల దగ్గరికి దిగుతుంది. ఇద్దరు పిల్లలూ ఒకే బడిలో ఉన్న మీ ఇంట్లో ఆ అరవై తేలిగ్గానే దాటుతుందనుకుంటా.

అయినా డబ్బు ఒక్కటే చూస్తే ఎలా? జిరాక్స్ షాపులో ఎప్పుడైనా ఆ కంప్యూటర్ తెర వైపు చూశావా? "వాట్సాప్ చెయ్యండి మేడమ్" అంటాడు. మనం ఆధారూ, పాన్‌కార్డూ, బ్యాంకు స్టేట్‌మెంటూ పంపేస్తాం. మొన్న నా వంతు కోసం నిలబడి చూస్తే, డౌన్‌లోడ్స్‌లో ఊరందరి ఆధార్ కార్డులూ వరసగా ఉన్నాయి. ఎవరో అమ్మాయి బయోడేటా, ఫొటో, ఫోను నంబరుతో సహా. పాపం ఆ కుర్రాడు చెడ్డవాడని కాదు, చెరిపే తీరిక వాడికేది? ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఈ కాగితాలు ఇంట్లోనే వేసుకోవడానికి నేనైతే పేజీకి ఇరవై రూపాయలూ ఇస్తాను. షాపులోనే వేయించక తప్పని రోజున, మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసి అది పంపు. పని అయ్యాక వాడి ఎదురుగానే నిలబడి ఫైలు చెరిపించు. మొహమాటపడకు.

ఇంత విన్నాక నా మాటేమిటంటావు కదూ? మీ ఇంటికి నలుపు లేజర్, స్కానర్ ఉన్నది. వర్క్‌షీట్లు, హాల్‌టికెట్లు, మీభూమి వెబ్‌సైటులో తీసే మామగారి పొలం కాగితాలు, బ్యాంకు ఫారాలు, అన్నీ నలుపులో నడిచిపోయేవే. నువ్వు ఏప్రిల్‌లో వదిలేసి జూన్‌లో వచ్చి మీట నొక్కినా మొదటి పేజీ మచ్చ లేకుండా వస్తుంది. నెలకి రెండు మూడు రంగు కాగితాలు షాపులో వేయించుకో, సౌర కుటుంబంలో మనం దాచుకునే రహస్యాలేం లేవు. కోతల మాట మాత్రం ముందే ఒప్పుకుని కొను. వర్క్‌షీటు రాగానే, కరెంటున్నప్పుడే కొట్టెయ్. అదే మన అక్కచెల్లెళ్లలో మూడోదానిలా ఎల్‌కేజీ పిల్లాడుండి, రోజు విడిచి రోజు రంగు బొమ్మలు కత్తిరించి అతికించే ఇల్లయితే మాత్రం లేజర్ ఊసెత్తను, ట్యాంకే. దాని ఇంట్లో హెడ్ ఎండే తీరికే ఉండదు. వారానికి ఒక్కసారి అన్ని రంగులూ ఉన్న కాగితం ఒకటి వేస్తే చాలు. వేసవికి ఊరెళ్లినప్పుడు ఎదురింటి వాళ్లకి తాళమిచ్చి మొక్కలకి నీళ్లు పొయ్యమంటాం కదా, ఆ చేత్తోనే ప్రింటర్‌లో ఓ కాగితం వెయ్యమని చెప్పొచ్చు.

అన్నట్టు, డాలస్ నుంచి వచ్చేటప్పుడు వాళ్ల పాత లేజర్ పట్టుకొస్తానని చిన్నాన్న కూతురు అంటోందన్నావు. ఆ పుణ్యం కట్టుకోవద్దని చెప్పు. అక్కడి లేజర్లు వాళ్ల 120 వోల్టుల కరెంటుకి చేసినవి, మన 230కి తగిలిస్తే మాడి కూర్చుంటాయి. కొన్ని కంపెనీలు ఏ దేశపు కార్ట్రిడ్జ్ ఆ దేశపు ప్రింటర్‌లోనే పనిచేసేలా కట్టడి కూడా పెడతాయి. అంత బరువు మోసే బదులు ఆ చోటులో పిల్లలకి చాక్లెట్లు తెమ్మను.

లేజర్ ఇంటికి తెచ్చాక దాన్ని పిల్లల పడకగదిలో పెట్టకు. వేడికి సన్నని వాసన వస్తుంది, కిటికీ ఉన్న హాల్లో పెట్టు. వానాకాలంలో కాగితాల కట్టని విప్పి వదిలెయ్యకు. చెమ్మ పీల్చిన కాగితం లేజర్ వేడికి వంకరలు తిరిగి లోపల ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే వెనక తలుపు తీసి, కాగితం వెళ్లే దారినే రెండు చేతులతో నెమ్మదిగా లాగు. రోలరు దగ్గర మాత్రం కాస్త చల్లారనిచ్చి చెయ్యి పెట్టు. టోనర్ అయిపోవస్తోందని లైటు వెలిగితే వెంటనే కొత్తది కొనెయ్యకు. బయటికి తీసి, అడ్డంగా పట్టుకుని ఇటూ అటూ నాలుగుసార్లు ఊపి పెడితే ఇంకొన్ని పదుల పేజీలు వస్తాయి. ఊపేటప్పుడు మంచి చీర కట్టుకుని ఉండకు. ఒకవేళ పొడి పడిందా, చేత్తో రుద్దకు, బయటికి వెళ్లి దులిపి చన్నీళ్లతో జాడించు. వేడినీళ్లు పోసినా, మరక చూసుకోకుండా ఇస్త్రీపెట్టె ఆనించినా, కాగితానికి పట్టినట్టే బట్టకీ పట్టేస్తుంది.